పంపినవారి పేరు లేని సందేశాలు: కారులో ఈసీయూలు మాట్లాడుకునే తీరు

తడి రోడ్డు మీద డ్రైవర్ యాక్సిలరేటర్ గట్టిగా తొక్కాడనుకుందాం. ముందు చక్రాల్లో ఒకటి పట్టు తప్పి గిర్రున తిరగడం మొదలుపెడుతుంది. ఆ సంగతి మొదట తెలిసేది, బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఈసీయూకి (ఈసీయూ అంటే కారులో ఒక్కో పనిని నడిపించే చిన్న కంప్యూటర్), ఎందుకంటే నాలుగు చక్రాల వేగం కొలిచే సెన్సర్లు దానికే కలిపి ఉంటాయి. కానీ ఆ జారుడు ఆగాలంటే ఇంజిన్ టార్క్ (చక్రాలను తిప్పే బలం) తగ్గాలి. అది ఇంజిన్ ఈసీయూ చేతిలో ఉంది. విషయం తెలిసింది ఒకదానికి, చేయగలిగేది మరొకటి. ఈ రెండింటి మధ్య మాట కొన్ని మిల్లీసెకన్లలో చేరకపోతే ట్రాక్షన్ కంట్రోల్ అనేదే లేదు.

కారులోకి ఎలక్ట్రానిక్స్ వచ్చిన తొలి రోజుల్లో ఈ అవసరం పడలేదు. బాష్ కంపెనీ 1967లో తెచ్చిన డి-జెట్రానిక్ పెట్రోలు ఇంజెక్షన్ వరకే చూసుకునేది. 1978లో మెర్సిడెస్ ఎస్-క్లాస్‌లో వచ్చిన ఏబీఎస్ బ్రేకుల వరకే చూసుకునేది. ఎవరి సెన్సర్లు వారివి, ఎవరి పని వారిది. 1980ల్లో పరిస్థితి మారింది. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ గేరు మార్చే క్షణంలో ఇంజిన్ కాస్త నెమ్మదించాలి. ట్రాక్షన్ కంట్రోల్‌కి ఏబీఎస్, ఇంజిన్ రెండూ కలిసి పనిచేయాలి. డాష్‌బోర్డుకు అందరి దగ్గరి సమాచారమూ కావాలి.

మొదట్లో చేసిన పని, అవసరమైన ప్రతి సంకేతానికీ ఒక తీగ లాగడం. రెండు మూడు ఈసీయూలున్నంత కాలం అది నడిచింది. పది ఈసీయూలు ఉంటే, జంటకు ఒక్క తీగ చొప్పున వేసుకున్నా 45 తీగలు అవుతాయి. నిజానికి జంటకు ఒక్క తీగ ఏ మూలకూ సరిపోదు. రాగి బరువు, ఖర్చు ఒక ఎత్తయితే, కనెక్టర్లు ఇంకో ఎత్తు. తడి, వేడి, అదురు మధ్య బతికే కారులో తీగ తెగడం కంటే కనెక్టర్‌లో పిన్ను చిలుము పట్టడమే ఎక్కువ. తీగలు పెరిగిన కొద్దీ చెడే చోట్లు కూడా పెరుగుతాయి.

ఈ చిక్కు విప్పడానికి బాష్ ఇంజినీర్లు 1983లో పని మొదలుపెట్టారు. 1986 ఫిబ్రవరిలో డెట్రాయిట్‌లో జరిగిన ఆటోమోటివ్ ఇంజినీర్ల సదస్సులో ఊవే కీన్కె, ఆయన సహచరులు తమ పద్ధతిని ప్రకటించారు. అదే కంట్రోలర్ ఏరియా నెట్‌వర్క్, అందరూ పిలిచే పేరు క్యాన్. 1987లో ఇంటెల్ దానికి తొలి చిప్ తయారుచేసింది. 1990ల మొదట్లో మెర్సిడెస్ ఎస్-క్లాస్‌లోకి వచ్చింది. 1993లో ఐఎస్ఓ 11898 పేరుతో అంతర్జాతీయ ప్రమాణమైంది. కంప్యూటర్ ప్రపంచంలో ఇంత పాత పద్ధతులు చాలావరకు మూలన పడ్డాయి. క్యాన్ మాత్రం ఇవాళ కొత్తగా తయారవుతున్న కార్లలోనూ రోజువారీ పని చేస్తోంది.

ఇన్నాళ్లు నిలబడటానికి కారణం, దాని రూపకల్పనలో మొదటే తీసుకున్న ఒక నిర్ణయం. క్యాన్ సందేశంలో పంపినవారి పేరు ఉండదు, అందుకోవాల్సినవారి చిరునామా కూడా ఉండదు. ఉండేది ఒక సంఖ్య, దాని వెనక 8 బైట్ల దాకా సమాచారం. ఆ సంఖ్య చెప్పేది 'ఇందులో ఏముంది' అనే. ఇంజిన్ వేగం ఉన్న సందేశానికి ఒక ఐడీ, చక్రాల వేగాలున్న సందేశానికి మరో ఐడీ. సందేశం తీగ మీదికి రాగానే దానికి కలిపి ఉన్న ఈసీయూలన్నీ వింటాయి. తనకు పనికొచ్చే ఐడీ అయితే తీసుకుంటుంది, కాకపోతే వదిలేస్తుంది.

దీనివల్ల కలిగే మేలు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. చక్రాల వేగాన్ని ఏబీఎస్ ఒక్కసారి పంపితే చాలు. అది స్పీడోమీటర్‌కి పనికొస్తుంది, గేర్‌బాక్స్‌కి పనికొస్తుంది, వేగం పెరిగితే స్టీరింగ్ బిగువు పెంచే మోటారుకి పనికొస్తుంది, వేగాన్ని బట్టి పాట సౌండ్ పెంచే ఆడియో సిస్టమ్‌కి కూడా పనికొస్తుంది. రేపు ఇంకో ఈసీయూ కలిపితే అది కూడా వినడం మొదలుపెడుతుంది. ఏబీఎస్‌లో ఒక్క అక్షరం మార్చనక్కర్లేదు. తన మాట ఎవరు వింటున్నారో దానికి తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. ఒకే కారును బేసిక్ మోడల్ నుంచి టాప్ మోడల్ దాకా నాలుగైదు రకాలుగా అమ్మే కంపెనీలకు ఇది పెద్ద వరం. ఈ వ్యాసంలో మున్ముందు వచ్చే మంచిచెడ్డలన్నింటికీ మూలం కూడా ఇదే నిర్ణయం.

తీగ మీద పోటీ

క్యాన్‌కి కావలసింది ఒకదానికొకటి మెలివేసిన రెండు తీగలు. ఒకటి క్యాన్-హై, రెండోది క్యాన్-లో. ఎవరూ మాట్లాడనప్పుడు రెండింటి మీదా దాదాపు 2.5 వోల్టులు ఉంటాయి. ఒక ఈసీయూ 0 పంపాలంటే హై తీగను 3.5 వైపు లాగి, లో తీగను 1.5కి దించుతుంది. 1 పంపాలంటే ఏమీ చేయదు, తీగలను వాటి మానాన వదిలేస్తుంది. వినేవాళ్లు చూసేది ఈ రెండు తీగల మధ్య తేడానే. ఇగ్నిషన్ కాయిల్ నుంచో మోటారు నుంచో విద్యుత్ అలజడి వచ్చి తగిలినా, మెలివేసిన రెండు తీగల మీదా అది దాదాపు ఒకేలా పడుతుంది. తేడా అలాగే ఉండిపోతుంది.

పైన చెప్పినదాంట్లో ఒక కిటుకు దాగుంది. 0 అంటే లాగడం, 1 అంటే వదిలేయడం. కాబట్టి ఇద్దరు ఒకేసారి మాట్లాడి, ఒకరు 0 అని, మరొకరు 1 అంటే తీగ మీద కనిపించేది 0 మాత్రమే. మొత్తం క్యాన్ ఈ ఒక్క లక్షణం మీద నిలబడి ఉంది.

అది పనిచేసే తీరు దగ్గరగా చూడాల్సిందే. ఒకే క్షణంలో మూడు ఈసీయూలు మాట్లాడబోయాయనుకుందాం. ఏబీఎస్ సందేశం ఐడీ 288, స్టీరింగ్ కోణం ఐడీ 296, ఏసీ ఐడీ 928. ఇవి వివరణ కోసం తీసుకున్న అంకెలే, ఏ ఐడీ దేనికన్నది కంపెనీలు తమ ఇష్టప్రకారం పెట్టుకుంటాయి. ఐడీని 11 బిట్లలో, అంటే 0 లేదా 1 ఉండే 11 గడుల్లో రాస్తారు:

288 : 00100100000
296 : 00100101000
928 : 01110100000

మూడూ ఒకేసారి మొదలుపెడతాయి. ప్రతి ఈసీయూ ఒక బిట్ పంపుతూనే, తీగ మీద నిజంగా ఏముందో చదువుతుంది. మొదటి బిట్ ముగ్గురిదీ 0, గొడవ లేదు. రెండో బిట్ దగ్గర ఏసీ 1 పంపింది, కానీ తీగ మీద 0 కనిపించింది. అంటే తనకంటే ముఖ్యమైన సందేశం ఎవరో పంపుతున్నారని దానికి అర్థమైపోయింది. వెంటనే నోరు మూసుకుని వినడం మొదలుపెడుతుంది. ఏబీఎస్, స్టీరింగ్ ఏడో బిట్ దాకా కలిసే నడుస్తాయి. ఎనిమిదో బిట్‌లో స్టీరింగ్ 1 పంపి 0 చదివింది, అదీ తప్పుకుంది. ఏబీఎస్‌కి అసలు పోటీ జరిగిందన్న సంగతే తెలియదు. దాని సందేశంలో ఒక్క బిట్ కూడా చెడలేదు, ఒక్క క్షణం కూడా వృథా కాలేదు. ఓడినవి ఈ సందేశం అయిపోగానే మళ్లీ ప్రయత్నిస్తాయి.

ఈ పోటీని ఆర్బిట్రేషన్ అంటారు. ఐడీ ఎంత చిన్నదైతే ప్రాధాన్యం అంత ఎక్కువ. ఒకే సంఖ్య రెండు పనులు చేస్తోందన్నమాట: సందేశంలో ఏముందో చెబుతుంది, అది ఎంత అర్జంటో కూడా చెబుతుంది. మధ్యలో కూర్చుని వంతులు పంచే పెద్ద ఎవరూ లేరు. అలాంటి పెద్ద ఉంటే అది చెడిపోయిన రోజున కారు మొత్తం ఆగిపోయేది.

500 కిలోబిట్ల వేగంతో నడిచే క్యాన్ మీద 8 బైట్ల సందేశం ఒకటి పూర్తవడానికి పావు మిల్లీసెకను అటూఇటుగా పడుతుంది. అంటే సెకనుకు దాదాపు 4,000 సందేశాలు. ముఖ్యమైనవి 10 మిల్లీసెకన్లకు ఒకసారి వస్తాయి, ఉష్ణోగ్రత లాంటివి అర సెకనుకో సెకనుకో వచ్చినా సరిపోతుంది. ఇంత పోటీలో తక్కువ ప్రాధాన్యం ఉన్న సందేశం ఎంత ఆలస్యం కావచ్చో ముందే లెక్కకట్టాలి. ఆ లెక్కను 1994లో యార్క్ విశ్వవిద్యాలయ పరిశోధకులు తయారుచేశారు. పరిశ్రమ దాన్ని ఏళ్ల తరబడి వాడుకుంది. 2007లో అదే విశ్వవిద్యాలయం వారు మరికొందరితో కలిసి, ఆ పాత లెక్క కొన్ని సందర్భాల్లో తప్పు భరోసా ఇస్తోందని చూపించి సరిదిద్దారు. చూడటానికి ఇంత సరళంగా ఉన్న నియమం నుంచి పుట్టే ప్రవర్తన ఎంత లోతైనదో ఆ 13 ఏళ్లు చెబుతాయి.

తప్పు ఎవరు పట్టుకుంటారు

పంపేవాడు తను పంపిన ప్రతి బిట్టునూ తిరిగి చదువుకుంటాడని పైన చెప్పుకున్నాం. ఐడీ భాగం దాటాక కూడా పంపినది ఒకటి, తీగ మీద ఉన్నది ఇంకొకటి అయితే అది లోపమే. వినేవాళ్లు కూడా ఊరికే ఉండరు. వరసగా ఒకే రకం బిట్లు ఐదు వస్తే, పంపేవాడు వాటి వెనక తప్పనిసరిగా ఒక వ్యతిరేక బిట్ చేర్చాలన్నది నియమం. ఆరోది కూడా అదే రకం వచ్చిందంటే ఎక్కడో తేడా కొట్టిందని లెక్క. సందేశం చివర్లో 15 బిట్ల సీఆర్‌సీ ఉంటుంది, దాంతో లోపలి సమాచారాన్ని సరిచూసుకుంటారు. ఏ ఒక్క ఈసీయూకి తప్పు కనిపించినా అది కావాలనే వరసగా ఆరు 0లు పంపి ఆ సందేశాన్ని అందరికీ పాడుచేస్తుంది. అన్నీ ఆ సందేశాన్ని పారేస్తాయి, పంపినది మళ్లీ పంపుతుంది. ఒకరికి ఒకలా, ఇంకొకరికి ఇంకోలా వినపడటం కంటే ఎవరికీ వినపడకపోవడమే మేలన్నది ఇక్కడి ఆలోచన. బ్రేకుల విషయంలో అది నూటికి నూరుపాళ్లు సరైన ఆలోచన.

సరిగ్గా అందితే సందేశం చివర ఉండే ఒక బిట్ స్థానంలో వినేవాళ్లు 0 పెడతారు. పంపినవాడికి దాని ద్వారా తెలిసేది 'ఎవరో ఒకరికి అందింది' అని మాత్రమే. ఎవరికి అందిందో తెలియదు. పేర్లు లేని వ్యవస్థలో రసీదు మీద కూడా పేరు ఉండదు.

మరి ఒక ఈసీయూలోనే లోపం ఉండి, అది ప్రతి సందేశాన్నీ చెడగొడుతూ ఉంటే? దానికీ మందు ఉంది. ప్రతి ఈసీయూ తన తప్పుల లెక్క తానే రాసుకుంటుంది. పంపడంలో ఒక తప్పు జరిగితే కౌంటర్ 8 పెరుగుతుంది, ఒక సందేశం సవ్యంగా వెళితే 1 తగ్గుతుంది. లెక్క 127 దాటితే ఇతరుల సందేశాలను చెడగొట్టే హక్కు పోతుంది. 255 దాటితే ఆ ఈసీయూ తనంతట తానే తీగ మీంచి తప్పుకుంటుంది. దీన్నే బస్-ఆఫ్ అంటారు. సున్నా నుంచి మొదలుపెడితే వరసగా 32 తప్పులకు ఆ స్థితి వస్తుంది. ఒకరి రోగం మొత్తం కారుకి అంటకుండా రోగే దూరంగా జరగడమన్నమాట. 1980ల నాటి చవక చిప్‌లో ఇంత వివేకం పెట్టిన ఇంజినీర్లకు దణ్ణం పెట్టాలి.

ఇది కూడా చాలదని బ్రేక్, స్టీరింగ్ లాంటి సందేశాల్లో ఇంకో రెండు జాగ్రత్తలు చేర్చారు. ప్రతి సందేశానికీ ఒకటి చొప్పున పెరిగే చిన్న కౌంటర్ ఒకటి, సమాచారానికి ప్రత్యేకంగా ఇంకో చెక్‌సమ్ (సరిచూసే సంఖ్య) ఒకటి. ఎందుకంటే పంపే ఈసీయూలో సాఫ్ట్‌వేర్ ఎక్కడో ఇరుక్కుపోయి, పాత విలువనే మళ్లీ మళ్లీ పంపుతూ ఉండవచ్చు. తీగ వరకు చూస్తే ఆ సందేశంలో ఏ తప్పూ లేదు. కౌంటర్ కదలడం లేదని గమనిస్తేనే లోపం బయటపడుతుంది.

వర్క్‌షాపులో కనిపించేది

ఒక సందేశం రావాల్సిన సమయానికి రాకపోతే, దానికోసం ఎదురుచూస్తున్న ఈసీయూ కొంతసేపు ఆగి, ఒక కోడ్ రాసిపెట్టుకుంటుంది. నెట్‌వర్క్‌కి సంబంధించిన ఈ కోడ్‌లన్నీ యూ అక్షరంతో మొదలవుతాయి. యూ0100 అంటే ఇంజిన్ ఈసీయూ మాట వినిపించడం లేదని, యూ0121 అంటే ఏబీఎస్ మాట వినిపించడం లేదని. ఇక్కడే చాలామంది పొరబడతారు. కోడ్ దొరికిన ఈసీయూ ఫిర్యాదు చేస్తున్నది మాత్రమే, దోషి కాదు. స్కానర్ పెట్టి అన్ని ఈసీయూలనూ అడిగి, ఎక్కువమంది ఎవరి గురించి ఫిర్యాదు చేస్తున్నారో చూడాలి. అప్పుడు కూడా ఆ ఈసీయూనే మార్చేయాలని కాదు. దాని ఫ్యూజు, దాని గ్రౌండు, దాని కనెక్టరు చూడాలి. బ్యాటరీ వోల్టేజీ పడిపోయినా ఇలాంటి కోడ్‌లు గుంపుగా వస్తాయి. ఖరీదైన ఈసీయూ ఒకటి కొని పెట్టి, అదే వార్నింగ్ ల్యాంపు మళ్లీ వెలిగితే కస్టమర్‌కీ మెకానిక్‌కీ ఇద్దరికీ టెన్షనే.

తీగల ఆరోగ్యం తెలుసుకోవడానికి స్కానర్ కూడా అక్కర్లేదు, మల్టీమీటర్ చాలు. క్యాన్ తీగల రెండు కొసల్లోనూ 120 ఓముల రెసిస్టర్ చొప్పున ఉంటుంది. సంకేతం కొసకు తగిలి వెనక్కి తుళ్లి కొత్త సంకేతాలతో కలిసిపోకుండా అవి ఆపుతాయి. ఆ రెండూ సమాంతరంగా ఉంటాయి కాబట్టి, బ్యాటరీ తీసేసి హై, లో తీగల మధ్య కొలిస్తే దాదాపు 60 ఓములు రావాలి. 120 వస్తే ఒక కొస తెగిపోయింది లేదా ఒక రెసిస్టర్ అందడం లేదు. సున్నాకి దగ్గరగా వస్తే రెండు తీగలూ ఎక్కడో అంటుకున్నాయి. డాష్‌బోర్డు కింద ఉండే 16 పిన్నుల డయాగ్నస్టిక్ సాకెట్‌లో 6, 14 పిన్నులు క్యాన్‌వి. అయితే ఇప్పటి చాలా కార్లలో ఆ సాకెట్ నేరుగా ఇంజిన్ తీగలకు కలవదు, మధ్యలో ఏ సందేశం దాటవచ్చో చూసే గేట్‌వే ఉంటుంది. అక్కడ 60 వచ్చిందంటే సాకెట్‌కీ గేట్‌వేకీ మధ్య ఉన్న ముక్క బాగుందనే అర్థం. దాని అవతలి సంగతి వేరే చూడాల్సిందే.

ఆ సాకెట్ ద్వారా స్కానర్ మాట్లాడే భాష కూడా క్యాన్ సందేశాలే. అమెరికాలో 1996 నుంచి కారు లోపాలను సాకెట్ ద్వారా చదివే ఓబీడీ-2 పద్ధతి తప్పనిసరి, 2008 మోడళ్ల నుంచి అది క్యాన్ మీదే నడవాలి. ఇంజిన్ వేగం కావాలంటే స్కానర్ ఐడీ 2015తో సందేశం పంపుతుంది, అందులో 'సర్వీస్ 1, అంశం 12' అని ఉంటుంది. ఇంజిన్ ఈసీయూ ఐడీ 2024తో జవాబిస్తుంది. అందులో రెండు బైట్లు 26, 248 అని వచ్చాయనుకుందాం. 26ని 256తో గుణించి 248 కలిపితే 6,904, దాన్ని 4తో భాగిస్తే 1,726. అదే నిమిషానికి ఇంజిన్ చుట్లు. ఫోన్‌లో యాప్ పెట్టుకుని చూసే మీటరు ముల్లు వెనక జరుగుతున్నది ఇంతే. ఆ ఐడీలు గమనించండి: 11 బిట్లలో పట్టే పెద్ద సంఖ్య 2,047. రిపేరు కోసం అడిగే ప్రశ్నలు వరసలో దాదాపు చివర నిలబడతాయి. బ్రేకు సందేశానికి స్కానర్ ఎప్పుడూ అడ్డం రాకూడదు కదా.

కారు ఆపి తాళం వేశాక ఈ సంభాషణంతా ఆగి, ఈసీయూలు నిద్రలోకి వెళ్లాలి. నిద్రలో ఉన్న కారు బ్యాటరీ నుంచి తీసుకునేది కొన్ని పదుల మిల్లీఆంపియర్లకు మించదు. ఒక్క ఈసీయూ నిద్రపోకుండా సందేశాలు పంపుతూ ఉంటే చాలు, మిగతావన్నీ మేలుకునే ఉంటాయి. పొద్దున్నే బ్యాటరీ డౌన్ అయి కనిపిస్తుంది. బయట కొని బిగించిన పరికరాలు చాలాసార్లు ఇందుకు కారణమవుతుంటాయి.

వేగానికి ఉన్న హద్దు

క్యాన్ గరిష్ఠ వేగం సెకనుకు 1 మెగాబిట్, అదీ దాదాపు 40 మీటర్ల తీగకే. ఈ హద్దు చిప్‌ల చేతకానితనం వల్ల వచ్చింది కాదు, ఆర్బిట్రేషన్ వల్ల వచ్చింది. పంపిన బిట్ అవతలి కొసకు చేరి, అక్కడి ఈసీయూ 0 పెట్టిందో లేదో ఇవతలి కొసకు తిరిగి తెలియాలి, అదంతా ఒక్క బిట్ సమయంలోనే జరగాలి. తీగలో సంకేతానికి మీటరుకు దాదాపు 5 నానోసెకన్లు పడుతుంది. 40 మీటర్లు పోయి రావడానికే 400 నానోసెకన్లు. 1 మెగాబిట్ దగ్గర ఒక బిట్ ఆయుష్షు 1,000 నానోసెకన్లే; మిగిలినదాంట్లో చిప్‌ల ఆలస్యం ఇమడాలి.

2012లో బాష్ తెచ్చిన క్యాన్ ఎఫ్‌డీ ఈ చిక్కును చాలా తెలివిగా దాటింది. ఆర్బిట్రేషన్ అయిపోయాక మాట్లాడేది ఒక్కరే. ఒక్కరే మాట్లాడుతున్నప్పుడు అవతలి కొస నుంచి బిట్ బిట్‌కీ జవాబు కోసం ఆగనక్కర్లేదు. కాబట్టి ఐడీ భాగం పాత వేగంతోనే పంపి, సమాచారం భాగాన్ని 2 నుంచి 5 మెగాబిట్ల వేగంతో పంపుతారు. 8 బైట్ల పరిమితి కూడా 64కి పెరిగింది.

అన్నింటికీ క్యాన్ అవసరం లేదు కూడా. అద్దాల స్విచ్, సీటు మోటారు, వాన సెన్సర్ లాంటివాటికి లిన్ అనే పద్ధతి ఉంది. ఒకే తీగ, 20 కిలోబిట్ల వేగం, ఒక యజమాని అడిగితే మిగతావి జవాబు చెప్పడం, అంతే, చాలా చవక. ఫ్లెక్స్‌రే మరో దారి తొక్కింది: 10 మెగాబిట్లు, ప్రతి ఒక్కరికీ గడియారం ప్రకారం ముందే కేటాయించిన వంతు. 2006లో బీఎండబ్ల్యూ ఎక్స్5లో వచ్చింది కానీ ఖర్చు వల్ల అంతగా పాకలేదు. పాటలు, వీడియోల కోసం వచ్చిన 'మోస్ట్' అనే నెట్‌వర్క్ రోజులు కూడా దాదాపు అయిపోయాయి.

అసలు మార్పు కెమెరాలతో వచ్చింది. 1280×720 చుక్కల కెమెరా సెకనుకు 30 ఫ్రేములు, చుక్కకు 16 బిట్లు చొప్పున ఇస్తే 44 కోట్ల బిట్లు అవుతాయి. 500 కిలోబిట్ల క్యాన్‌కి అది దాదాపు 900 రెట్లు. అందుకే ఈథర్నెట్ కారులోకి వచ్చింది. ఇళ్లలోనూ ఆఫీసుల్లోనూ కనిపించే నాలుగు జతల కేబుల్ బదులు ఒకే జత మెలితీగ మీద 100 మెగాబిట్లు పంపే పద్ధతి ఇది. 2013లో బీఎండబ్ల్యూ ఎక్స్5 తన చుట్టూ చూపే కెమెరాలకు దీన్ని వాడింది, 2015లో ఐఈఈఈ ప్రమాణమైంది. ఆ తర్వాత 1 గిగాబిట్ రకం వచ్చింది. ఈథర్నెట్‌లో ప్రతి సందేశానికీ పంపినవారి చిరునామా, అందుకోవాల్సినవారి చిరునామా రెండూ ఉంటాయి. క్యాన్ వద్దనుకున్నవి తిరిగి వచ్చాయి.

నమ్మకం మీద కట్టిన ఇల్లు

1986లో కారు తీగల మీదికి బయటివాళ్లు వస్తారని ఎవరూ అనుకోలేదు, అనుకోవాల్సిన పరిస్థితీ లేదు. సందేశం మీద పేరు లేకపోవడం అప్పుడు పూర్తిగా లాభమే. ఇప్పుడు అదే కారుకి మొబైల్ కనెక్షన్, బ్లూటూత్, వైఫై వచ్చాయి. తీగ మీదికి ఎవరైనా చేరగలిగితే ఏ ఐడీతోనైనా మాట్లాడవచ్చు. వినేవాళ్లకు తేడా తెలిసే దారి లేదు.

2010లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాన్ డియాగో విభాగం పరిశోధకులు దీన్ని నిజమైన కారు మీద చేసి చూపించారు. 2015లో చార్లీ మిల్లర్, క్రిస్ వాలసెక్ ఎక్కడో దూరంగా కూర్చుని మొబైల్ నెట్‌వర్క్ ద్వారా నడుస్తున్న జీప్ చెరోకీలోకి చొరబడ్డారు. వాళ్లు ముందు ఆడియో సిస్టమ్‌లోకి దూరారు. అందులో క్యాన్‌తో మాట్లాడే చిన్న చిప్ ఒకటుంది. దాని సాఫ్ట్‌వేర్ మార్చేసి, దాని నోటితో ఇంజిన్‌కీ బ్రేకులకీ సంబంధించిన సందేశాలు పలికించారు. తయారీదారు 14 లక్షల వాహనాలను వెనక్కి పిలవాల్సి వచ్చింది. 2016లో మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇంకో కోణం బయటపెట్టారు: ఒక ఈసీయూ సందేశాలను సరిగ్గా సమయం చూసి చెడగొడుతూ పోతే, దాని తప్పుల కౌంటర్ పెరిగి అది తనంతట తానే బస్-ఆఫ్ అయిపోతుంది. కాపాడటానికి పెట్టిన ఏర్పాటే ఆయుధమైంది. 2023లో దొంగల పద్ధతి ఒకటి బయటికొచ్చింది. హెడ్‌లైట్ దగ్గరి తీగలకు చిన్న పరికరం తగిలించి, 'తాళంచెవి సరైనదే' అని చెప్పే సందేశాన్ని తామే పంపి కారు తీసుకుపోవడం.

దీనికి మొదటి అడ్డుకట్ట గేట్‌వే. ఆడియో, ఇంటర్నెట్ ఉన్న తీగలను ఇంజిన్, బ్రేకులున్న తీగల నుంచి విడదీసి, మధ్యలో ఏ సందేశం దాటవచ్చో ఏది దాటకూడదో చూసే కాపలా ఇది. కానీ హెడ్‌లైట్ దొంగతనం చెప్పేదేమిటంటే, గోడ లోపల ఉన్న తీగనే పట్టుకుంటే గోడ ఉపయోగపడదు. సందేశంలోనే రుజువు ఉండాలి. పంపేవారికీ అందుకునేవారికీ మాత్రమే తెలిసిన రహస్య కీతో లెక్కకట్టిన చిన్న సంకేతాన్ని సందేశం వెనక చేర్చాలి, పాత సందేశాన్ని రికార్డు చేసి మళ్లీ వినిపించకుండా ఒక కౌంటర్ కూడా ఉండాలి. కార్ల సాఫ్ట్‌వేర్‌కి ఉమ్మడిగా రాసుకున్న ఆటోసార్ ప్రమాణంలోని ఒక పద్ధతిలో ఇందుకు 24 బిట్ల సంకేతం, 8 బిట్ల కౌంటర్ పెడతారు. మొత్తం 4 బైట్లు. పాత క్యాన్ సందేశంలో ఉన్నదే 8 బైట్లు కాబట్టి సగం సంతకానికే పోతుంది. క్యాన్ ఎఫ్‌డీలోని 64 బైట్లు వేగం కోసమే అనుకుంటే పొరపాటు, భద్రతకు చోటు దొరికింది అక్కడే. అందుకే కొత్త కారులో ఈసీయూ మార్చడం బోల్టులు విప్పి బిగించినంత తేలిక కాదు. కొత్తదానికి కీలు ఎక్కించకపోతే మిగతావి దాని మాట నమ్మవు. స్వతంత్ర మెకానిక్‌లకు ఇది నిజమైన ఇబ్బంది. భద్రత పేరుతో రిపేరు హక్కు కంపెనీల చేతుల్లోనే ఉండిపోకుండా చూడాల్సిన బాధ్యత నియమాలు రాసేవారిదే. వాహనాల సైబర్ భద్రత మీద ఐక్యరాజ్యసమితి తెచ్చిన 155వ నియమావళి 2021లో అమల్లోకి వచ్చింది. యూరోపియన్ యూనియన్‌లో 2024 జులై నుంచి అమ్మే కొత్త వాహనాలన్నింటికీ అది వర్తిస్తోంది.

తీగల అమరిక కూడా మారుతోంది. ఇన్నాళ్లు ఒక్కో పనికి ఒక్కో ఈసీయూ ఉండేది. ఇప్పుడు కారును ముందు, వెనక, ఎడమ, కుడి అని భాగాలుగా చూసి, ఒక్కో భాగానికి ఒక కంట్రోలర్ పెడుతున్నారు. దగ్గర్లో ఉన్న సెన్సర్లు, మోటార్లు అన్నీ దానికే కలుస్తాయి, అది ఈథర్నెట్ మీద మధ్యలోని పెద్ద కంప్యూటర్‌తో మాట్లాడుతుంది. తీగల పొడవు బాగా తగ్గుతుంది. కానీ ఆ చివరి రెండు మీటర్లలో, డోరు దగ్గరా సీటు కిందా, క్యాన్, లిన్ అలాగే ఉంటున్నాయి. అంత చవకగా అంత నమ్మకంగా పనిచేసేది ఇంకొకటి ఇంకా రాలేదు.

క్యాన్‌లోనే తర్వాతి రకం, క్యాన్ ఎక్స్‌ఎల్, 2024 నాటి ఐఎస్ఓ ప్రమాణంలో చేరింది. సందేశంలో 2,048 బైట్ల దాకా పడతాయి. అందులో పోటీకి వాడే 11 బిట్ల సంఖ్య ప్రాధాన్యాన్ని మాత్రమే చెబుతుంది. సందేశం దేనికి సంబంధించింది, ఎవరికి అనే విషయం విడిగా 32 బిట్ల గడిలోకి వెళ్లింది. మొదటి నుంచి ఒకే సంఖ్య మోస్తూ వచ్చిన రెండు బరువుల్లో ఒకటి ఇప్పుడు దాని మీంచి దిగింది. మూడు ఈసీయూలు ఒకేసారి మాట్లాడబోతే ఎవరు గెలవాలో తేల్చేది మాత్రం ఇప్పటికీ తీగ మీద కనిపించే ఆ 0నే.